సంస్తంభనం సంభవింపవచ్చును

విశ్వపతి తన ఇరవయ్యేడేళ్ల ఉద్యోగంలో నాలుగువేల మూడువందల పదకొండు తెలుగు మాటలు పుట్టించాడు. అందులో ఒక్కటంటే ఒక్కటి ఇంతవరకు ఏ మనిషి నోటా పలకలేదు. ఆఖరికి విశ్వపతి నోట కూడా. స్టేప్లరుకు 'పత్రసీవని' అని నామకరణం చేసిందీ ఆయనే, పొద్దున ఆఫీసుకు రాగానే "ఆ స్టేప్లరెక్కడ పెట్టానబ్బా" అని బల్లంతా తడుముకునేదీ ఆయనే.

సముద్రం ఒడ్డునున్న ఒక నౌకాదళ కార్యాలయంలో ఆయన అనువాద విభాగానికి అధిపతి. విభాగమంటే ఆయన, మూడు కుర్చీలు. మిగతా ఇద్దరూ ఎప్పుడో రిటైరైపోయారు, వాళ్ల చోట ఎవర్నీ వెయ్యలేదు. పదనిర్మాణ సంఘంలో ముగ్గురు కూచుంటేనే సమావేశం చెల్లుతుందని నిబంధన. అంచేత విశ్వపతి ఒక కుర్చీలో కూచుని కొత్త మాటను ప్రతిపాదించేవాడు, పక్క కుర్చీలోకి మారి బలపరిచేవాడు, మూడో కుర్చీలోకి వెళ్లి కాసేపు అభ్యంతరం చెప్పేవాడు. ఒకసారి మూడో కుర్చీలో మరీ ఆవేశపడిపోయి, వారం రోజులపాటు తనతో తనకే మాటల్లేకుండా పోయాయి.

ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. పెద్ద కోరికలేమీ లేవు పాపం. తను చేసిన మాటల్లో ఏదో ఒకటి, ఎంత చిన్నదైనా సరే, ఎవరూ చెప్పమనకుండా, దానంతటది ఒక మనిషి నోట వస్తే చెవులారా వినాలి. అంతే. ఈ కోరిక భార్య త్రిపురసుందరికి చెబితే, "పిల్లలకు పేర్లు పెట్టి బడికి పంపలేదండీ మీరు, అందుకే ఒక్కటీ బాగుపడలేదు" అంది. ఆ మాటలో న్యాయముందని విశ్వపతే ఒప్పుకున్నాడు.

అలాంటి రోజుల్లో కెప్టెన్ రాయపరాజుగారి దగ్గర్నుంచి పిలుపొచ్చింది. రాయపరాజుగారు భీమవరం వైపు మనిషి. ఇంట్లో నోరు విప్పితే గోదావరి, ఆఫీసులో నోరు విప్పితే సర్క్యులరు.

"విశ్వపతిగారూ, పైనుంచి ఆదేశం వెలువడినది," అన్నారాయన. "ఇకమీదట స్థానిక ప్రజానీకమును ఉద్దేశించిన సమస్త ప్రకటనలూ నూటికి నూరుపాళ్లూ స్థానిక భాషలోనే ఉండవలెను. ఒక్క పరభాషా పదం దొర్లినా సదరు ప్రకటన చెల్లనేరదు, సదరు అధికారి సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

ఎవరో పెద్దాయన తనిఖీకొచ్చి, గేటు దగ్గర 'నో పార్కింగ్ ప్లీజ్' అని తెలుగు లిపిలో రాసి ఉన్న బోర్డు చూసి, ఇందులో తెలుగెక్కడుందో చూపించండన్నారట. చూపించలేకపోయారు. దాంతో ఈ ఆదేశం.

"ఇప్పుడు అసలు విషయం," అంటూ కెప్టెన్‌గారు లేచి తలుపేశారు. కిటికీ వేశారు. ఫోను తీగ పీకేశారు. "మన విమానవాహక నౌక మీదికి ఒక కొత్త విమానం వచ్చినది. వచ్చే గురువారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఈ తీరం ఎదుట దాని పరీక్ష. ఆ మూడు గంటలూ వేటకెళ్లిన బోట్లలో రేడియో సెట్లు పనిచెయ్యకపోవచ్చు. కనుక జాలర్లను ముందుగా హెచ్చరించవలెను."

"ఇంతకీ ఆ విమానం ఏం చేస్తుంది సర్?"

"అది రహస్యం."

"మరి నేను రాయాలి కదండీ?"

"ప్రజలకు తెలియజెయ్యడం మన విధి. తెలియనివ్వకపోవడమూ మన విధే. ఈ రెండింటినీ సమన్వయపరచడం మీ విధి," అన్నారు రాయపరాజుగారు. ఆ వాక్యం ఆయనకే బాగా నచ్చినట్టుంది, ఇంకోసారి అన్నారు. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించి, భీమవరంలోకి దిగిపోయారు. "ఏం లేదండి బాబూ. అది బాంబులేసే రకం కాదు. ఓడ డెక్కు మీంచి లెగుస్తది. రెక్కల చివర చెవులుంటాయన్నమాట, రెక్కల కింద పెట్టెలు, అయ్యే నోళ్లు. ముందు ఇంటది. శత్రువు ఏ రాడారుతో చూత్తన్నాడు, ఏ రేడియోలో మాటాడుతున్నాడు, అన్నీ పసిగడతది. అప్పుడు అదే ఫ్రీక్వెన్సీ మీద, ఆడికంటే వెయ్యింతలు గట్టిగా, అర్థంపర్థం లేని రొద పోసేత్తది. రాడారు తెర మీద ముగ్గుపిండి జల్లినట్టయిపోద్ది. రేడియోలో ఆడు 'పారిపోండ్రోయ్' అని అరిచినా పక్కోడికి గుర్రుమంటం తప్ప ఇనపడదు. దాని ఎనకాల మన విమానాలు దర్జాగా ఎల్లి పని కానిచ్చుకొచ్చేత్తాయి."

"అంటే జామ్ చెయ్యడమన్నమాట."

"ష్! పరభాషా పదం," అన్నారు కెప్టెన్‌గారు, మళ్లీ సర్క్యులర్లోకి ఎక్కేస్తూ.

ఇంటికెళ్లి విశ్వపతి ఈ సంగతి పెళ్లాంతో చెప్పేశాడు. రహస్యమన్నది గుర్తుంది, కానీ త్రిపురసుందరి ఎలాగూ సగంలో వినడం మానేస్తుంది కాబట్టి బయటికి పొక్కే భయం లేదు. ఈసారి మాత్రం ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆఖరిదాకా విన్నది.

"ఎదుటివాళ్ల మాట వినపడకుండా, గట్టిగా, ఎవరికీ అర్థం కాకుండా మాట్లాడ్డమా? దానికి విమానం దేనికండీ, మిమ్మల్ని తీసుకెళ్తే పోలా?"

విశ్వపతికి మనసు చివుక్కుమంది. కానీ మర్నాడు పొద్దున ఆఫీసులో మొదటి కుర్చీలో కూచోగానే అదంతా మరిచిపోయాడు. జామింగుకు తెలుగు మాట కావాలి! ఇంతటి మాట కోసం ఇరవయ్యేడేళ్లుగా కాచుక్కూచున్నాడు. ఆపడం, అడ్డడం, మూయడం లాంటివి కూడా తట్టకపోలేదు. మరీ బక్కగా కనిపించాయి. మధ్యాహ్నం మూడింటికి వెలిగింది: సంస్తంభనం! రెండో కుర్చీ బలపరిచింది. మూడో కుర్చీకి జీవితంలో మొదటిసారి ఏ అభ్యంతరమూ తోచలేదు. ఖాళీ గదిలో ఆ మాటను నాలుగుసార్లు పైకి పలికి చూసుకున్నాడు. ఒళ్లు జలదరించింది, కళ్లు చెమర్చాయి కూడా. ఈ ఒక్కటీ బతికితే చాలు దేవుడా అనుకున్నాడు.

సాయంత్రానికి ప్రకటన తయారైంది.

'సమస్త మత్స్యగ్రహణోపజీవులకు విజ్ఞాపనము. ఆగామి బృహస్పతివాసరమున, ప్రాతఃకాల షడ్ఘంటికలు మొదలు నవఘంటికల పర్యంతము, నౌకాపృష్ఠోత్పతిత వైమానిక యంత్రము యొక్క అనిర్వచనీయ క్రియావిశేషముల వలన, భవదీయ యాంత్రికప్లవములందలి నిస్తంత్రీ సంభాషణోపకరణములకు సంస్తంభనము సంభవింపవచ్చును. సంభవింపకపోవచ్చును. సంభవించినచో సంభవించినట్లు భావింపరాదు.'

చివరి వాక్యం రహస్యాన్ని కాపాడ్డానికి. కెప్టెన్‌గారు చదివి, "ఏమీ అర్థం కాలేదు. అత్యంత సురక్షితముగా ఉన్నది," అని సంతకం పెట్టేశారు.

ఆదేశంలో ఇంకో మెలిక ఉంది. ప్రకటన స్థానికులకు బోధపడినట్టు ఒక స్థానికుడి చేత ధ్రువపత్రం తేవాలి. విశ్వపతి చేపలరేవుకు వెళ్లాడు. వాసన పడక జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బోట్ల సంఘం ప్రెసిడెంటు మైలపిల్లి ఎల్లాజీ ముందు నిలబడి ప్రకటన చదివి వినిపించాడు. ఎల్లాజీ వల బాగుచేసుకుంటున్నవాడల్లా లేచి నిలబడి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. పక్కనున్న నలుగురూ కూడా లేచారు.

"పోనాయన పేరేటి బావూ?" అన్నాడు ఎల్లాజీ మెల్లిగా.

"ఎవరూ పోలేదయ్యా! ఇది హెచ్చరిక. అర్థం కాలేదా?"

"అర్దమవకేటి బావూ. పెద్దోరు, సదువుకున్నోరు సెప్పినారు, మంచే అయ్యుంటాది," అని వేలిముద్రకు వేలు చాపాడు. తరవాత సంతకమే వచ్చని గుర్తొచ్చి సంతకం చేశాడు.

ఆ సంతకం చూసుకుంటూ, మాట మొదటిసారి ప్రజల్లోకి వెళ్లిందని విశ్వపతి సంబరపడ్డాడు. తనకంటే తెలివితక్కువవాడు ఈ తీరంలో ఇంకొకడు లేడని ఆయనకు తరవాతగానీ తెలియలేదు.

కాగితం చాలదు, నోటి ప్రకటన కూడా ఉండాలని ఆదేశం. బోట్లన్నీ వినే రేడియో ఛానెల్లో బుధవారం పొద్దుట్నుంచి ఆగకుండా చెప్పాలి. పరభాషా ఉచ్చారణ దొర్లకూడదు కనుక గొంతు కూడా విశ్వపతిదే. ఆయన స్నానం చేసి, కొత్త పంచె కట్టుకుని, గంభీరంగా చదివి రికార్డు చేయించాడు. నలభై సెకన్లకోసారి 'సమస్త మత్స్యగ్రహణోపజీవులకు' అంటూ మొదలై, 'భావింపరాదు' అని ముగిసి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలయ్యేది.

గురువారం వచ్చింది. ఒడ్డు మీద కొలత కేంద్రంలో అధికారులు చెవులకు యంత్రాలు తగిలించుకుని కూచున్నారు. మామూలు రోజుల్లో ఆ వేళకు ఛానెల్లో చెవులు చిల్లులుపడే గోల. పలానాచోట వంజరం పడిందనీ, నీ వల నా వలలో చిక్కిందనీ, నీ అమ్మనీ నాన్ననీ. ఆవేళ ఆరింటికి ఏ బోటు నుంచీ ఒక్క పలుకు లేదు. ఏడింటికి లేదు. తొమ్మిదింటిదాకా యాభై కిలోమీటర్ల తీరంలో ఒక్కడు ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. పరీక్ష నూటికి నూరుపాళ్లు విజయవంతం! తొమ్మిదీ అయిదుకల్లా నివేదిక పైకి వెళ్లిపోయింది. తొమ్మిదిన్నరకు పైనుంచి అభినందనలు దిగాయి.

పదింటికి నౌక నుంచి కబురొచ్చింది, విమానం అసలు లేవనేలేదని.

రెక్కల కింద పెట్టెలకు రహస్య భద్రత కోసం తాళాలు వేశారు. తాళంచెవి ఒడ్డు మీద స్టోరులో ఉండిపోయింది. పంపమని అడుగుదామంటే, పరీక్ష వేళ నౌక రేడియోలో మాట్లాడకూడదని ఆజ్ఞ. మూడు గంటలూ నిబంధన ప్రకారం మౌనంగా కూచుని, తొమ్మిది దాటాక చెప్పారు.

రాయపరాజుగారి మొహం వాడిపోయింది. ఎల్లాజీని పిలిపించారు.

"గురువారం మీ బోట్లలో సెట్లకు సంభవించిన అంతరాయ స్వభావమెట్టిది?"

"అంతరాయమేటి బావూ? సెట్లు సుబ్బరంగానే ఉన్నాయి. మేమే కట్టీసినాం."

"ఎందుకు?"

ఎల్లాజీ విశ్వపతి వైపు మొహమాటంగా చూశాడు. "ఏటనుకోకండి. బుదవారం పొద్దుట్నించీ ఆ సెట్టులోన ఈ బావుగారే. పెతి నిమిసానికీ సంతంబనం, సంతంబనం అంతన్నారు. మా డ్రైవరొకడు సముద్రంలోకి దూకీతాననీసినాడు. మరేటి సేత్తాం, అందరం కట్టీసినాం. పేణం ఆయిగా ఉంది."

విశ్వపతికి భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఇరవయ్యేడేళ్లుగా తన తెలుగు ఎవరికీ చేరడం లేదని బాధపడ్డాడు. ఇన్నాళ్లకు ఒకేసారి యాభై కిలోమీటర్లకు చేరింది, చేరినచోటల్లా జనం మీట నొక్కేశారు. ఉద్యోగం ఊడుతుందనే అనుకున్నాడు. పింఛనుదారులకు 'విశ్రాంతభృతిభాజనుడు' అన్న పదం చేసిపెట్టింది కూడా తనేనని గుర్తొచ్చి ఇంకా ఏడుపొచ్చింది.

కానీ ప్రభుత్వం సంగతి ఆయనకు తెలిసింది తక్కువ. పైకి వెళ్లిన విజయాన్ని వెనక్కి పిలిచే ఏర్పాటు ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. విజయం జరిగింది గనక దానికి కారణం కూడా ఉండి తీరాలి. ఫైలు మూడు వారాలు తిరిగొచ్చింది. దాని మీద ఇలా ఉంది: 'లక్షిత ప్రాంతమున సంభాషణ స్తంభించుట వాస్తవము. పెట్టెలు మూసియుండుట వాస్తవము. కనుక సంస్తంభన సామర్థ్యము సదరు విశ్వపతియందున్నది.'

రెండో పరీక్ష పెట్టారు. ఈసారి తాళంచెవి మరిచిపోలేదు, అసలు తాళాలే వెయ్యలేదు. విమానం ఠీవిగా డెక్కు మీంచి లేచి, రెక్కల కింద నోళ్లు తెరిచి, వెయ్యింతల బలంతో విశ్వపతి గొంతును తీరమంతా కుమ్మరించింది. మొదటి 'సమస్త' వినపడగానే బోట్లలో సెట్లు టపటపా ఆగిపోయాయి. 'మత్స్యగ్రహణోపజీవులకు' దాకా నిలిచిన సెట్టు ఒక్కటే. దాని మీట పాడైందట.

సమీక్షా సమావేశంలో ఒకాయనకు సందేహం వచ్చింది. "శత్రువుకు తెలుగు రాకపోతే?"

"తెలుగు వచ్చినవాళ్లకే అర్థం కాకుండా చెయ్యగలిగినది, రానివాళ్లకు అర్థం కాకుండా చెయ్యడం ఎంతసేపండీ?" అన్నారు రాయపరాజుగారు. అందరూ బల్లలు చరిచారు.

ఆ సాయంత్రం విశ్వపతి చేతికి ఉత్తర్వు అందింది. మొదట ఆనందంగానే చదివాడు, పెద్దపెద్ద మాటలున్నాయి గనక. రెండోసారి చదివితే అసలు సంగతి బోధపడింది. ఆయన పుట్టించిన నాలుగువేల మూడువందల పన్నెండు పదాలనూ రక్షణ రహస్యాలుగా ప్రకటించారు. పదకోశం ప్రతులన్నీ సీలు వేసి బీరువాలో పెట్టారు. ఆ పదాల్లో దేన్నైనా అనధికారికంగా ఉచ్చరించిన పౌరుణ్ణి రహస్య ఆయుధం కలిగి ఉన్నట్టు భావించి విచారణకు పిలుస్తారు. నెలనెలా రేవుకు వెళ్లి, రహస్య పదజాలం ఎవరి నోటనైనా వినబడిందో లేదో స్వయంగా విని నివేదించే బాధ్యత విశ్వపతిదే.

"అభినందనలు," అన్నారు కెప్టెన్‌గారు చెయ్యి కలుపుతూ. "మీ కృషికి ఇంతకన్నా గుర్తింపు ఏముంటుంది?"

ఇన్నాళ్లూ ఎవరూ పలకని మాటలు. ఇకమీదట ఎవరూ పలకకూడని మాటలు. విశ్వపతి ఇంటికెళ్లి అన్నం ముందు ఊరికే కూచున్నాడు. "నా పిల్లలందర్నీ జైల్లో వేశారే," అన్నాడు. త్రిపురసుందరి ఎప్పటిలా వెటకారమాడబోయి, ఆయన మొహం చూసి మానేసి, పెరుగు వడ్డించింది.

మొదటి నెల రేవుకు వెళ్లాడు. ఏమీ వినబడలేదు. రెండో నెలా అంతే. నివేదికలు యథావిధిగా ఒక్కొక్కటీ నాలుగు పేజీలు రాశాడు. 'రహస్యపదోచ్చారణ శ్రవణగోచరము కాకుండుట గోచరించినది' అని మొదలుపెట్టి.

మూడో నెల, అంటే రిటైర్మెంటుకు పదిరోజుల ముందు, ఆఖరిసారి వెళ్లాడు. వేటకెళ్లిన బోట్లు తిరిగొచ్చే వేళ. గట్టు మీద చేపల గంపల వరసలో జనం కిటకిటలాడుతున్నారు. ఎల్లాజీ చెల్లెలు పోలమ్మ దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఒక చేపను అటూ ఇటూ తిప్పుతూ, ఇది నిన్నటిదా ఇవ్వాళ్టిదా, మొప్పలు ఎర్రగా ఉంటే మాత్రం తాజాదని నమ్మకమేమిటి, తన చిన్నతనంలో చేపలు ఎలా ఉండేవి అంటూ పావుగంట నుంచి ఉపన్యసిస్తున్నాడు. కొనడు, కదలడు. పోలమ్మ ఓపిక నశించి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"కొంతే కొను, నేకపోతే ఎల్లు! పొద్దుట్నించీ నా పేణం తియ్యకు. నీ సంతంబనం ఆపు బావూ!"

వరసంతా గొల్లుమంది. పక్క గంపావిడ అందుకుంది. "ఒలే పోలీ, ఈయనే నయమే. మా మరిది సంతంబనం ఎత్తుకుంతే తెల్లారిపోతాది."

విశ్వపతి విన్నాడు. ముక్కుకున్న జేబురుమాలు ఎప్పుడు జారిపోయిందో తెలీదు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి, చెమటలు కక్కుతూ గంప ముందు గొంతుక్కూచున్నాడు.

"అమ్మా, ఇప్పుడొక మాటన్నావే, ఏమిటి దాని అర్థం?"

పోలమ్మ ఆయన్ని పోల్చుకోలేదు. ఆయన సంగతి వినడమే గానీ మొహం చూడలేదు మరి. "సంతంబనమా? ఏటి బావూ, తెలుగోడివే కదా, తెల్దేటి? సెప్పాల్సింది సెప్పకుండా గంట మాటాడ్డం. మా రేవులో సిన్నపిల్లల్నడిగినా సెప్తారు."

చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారట! విశ్వపతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. 'త' పైనున్న 'స' పోయింది. 'భ' కింద ఒత్తు పోయింది. అర్థమైతే పూర్తిగా పోయి, ఆ చోట ఆయనే వచ్చి కూచున్నాడు. అయితేనేం, బతికింది. ఆయన పెట్టిన అర్థం కంటే ఇదే బాగుంది, ఇదే నిజం కూడానూ. ఇరవయ్యేడేళ్లుగా తను చేస్తున్న పనికి తనకే తెలియకుండా తనే పేరు పెట్టుకున్నాడన్నమాట. ఆ చేప తనే కొనేశాడు. ఏం చేసుకోవాలో తెలియక మళ్లీ పోలమ్మకే ఇచ్చేశాడు.

ఆఫీసుకు వచ్చి నివేదిక ముందేసుకున్నాడు. 'రహస్య పదజాలము ప్రజల నోట వినబడినదా?' అని ఒక గడి, దాని ఎదురుగా ఖాళీ. వినబడిందని రాస్తే, సర్కారు రికార్డులో నిలిచిపోతుంది, విశ్వపతి చేసిన మాట జనం నోట పలికిందని. ఆయన జీవితంలో సాధించినదానికి అదొక్కటే రుజువు. కానీ మర్నాడు జీపు వెళ్తుంది. పోలమ్మనూ, పక్కావిడనూ, ఆ చిన్నపిల్లల్నీ పిలుస్తారు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందని గదమాయిస్తారు. వారంలో రేవు మొత్తం భయపడి దాన్ని మరిచిపోతుంది.

మొదటి కుర్చీలో కూచున్నాడు. రెండో కుర్చీలోకి మారాడు. మూడో కుర్చీలో చాలాసేపు కూచున్నాడు. తరవాత కలం తీసి రాశాడు.

మర్నాడు కెప్టెన్ రాయపరాజుగారు ఆ కాగితం అందుకుని చూశారు. తిరగేసి వెనక చూశారు. కింద ఏమైనా పడిపోయిందేమోనని బల్ల కిందికి కూడా వంగి చూశారు.

"ఏమిటండీ ఇది, 'లేదు' అని ఒక్క ముక్క రాశారు? మిగతా పేజీలేవీ?"

"అంతే సర్."

"మీరు రాసిందేనా?"

"నేనే రాశాను సర్. అర్థమైందా?"

"అర్థమవకేం, లేదని," అన్నారు కెప్టెన్‌గారు అయోమయంగా, సంతకం పెడుతూ.

ఇరవయ్యేడేళ్లలో విశ్వపతి రాసింది చదవగానే ఒక మనిషికి అర్థమవడం అదే మొదటిసారి. రాసిందేమో అబద్ధం.